సమాధుల పండుగ నాటికి మన అమ్మగార్ల జ్ఞాపక పుస్తకం: ఎలా తయారు చేయాలి?

సమాధుల పండుగ (చనిపోయినవారిని తలుచుకునే నవంబర్ 2) దగ్గర పడుతోందంటే తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపు విచారణల (పారిష్‌ల) నుంచి ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. "మా ఊళ్లో బడి నడిపి, మందులిచ్చి, కన్నుమూసిన అమ్మగార్ల (మఠంలోని సిస్టర్ల) గురించి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?"

చాలామంది డీటీపీ షాపు దగ్గర మొదలుపెడతారు. అక్కడికి వెళ్లేసరికి చేతిలో ఒక ఫొటో, నాలుగు విశేషణాలు ఉంటాయి: ప్రేమమూర్తి, త్యాగశీలి, నిస్వార్థ సేవకురాలు, దీనజన బాంధవి. ఆ నాలుగు మాటలూ తీసుకెళ్లి ఇంకో సిస్టర్ ఫొటో కింద పెట్టినా చక్కగా సరిపోతాయి. అలా సరిపోయే పేజీ అచ్చు వేయించి లాభం లేదు. ఎవరి పేజీ వాళ్లదే అనిపించాలంటే పేరు, తేదీ, చేసిన పని ఈ మూడూ గట్టిగా దొరకాలి. కింద చెప్పినదంతా వాటిని ఎలా పట్టుకోవాలన్నదే.

నవంబర్ 2కు పుస్తకం చేతికి రావాలంటే జులైలో పని మొదలుపెట్టండి. సమాధుల తోటలో చేయాల్సిన పని సెప్టెంబర్ లోపే ముగించాలి. మన జిల్లాల్లో అక్టోబర్ నుంచి ఈశాన్య వానలు పట్టుకుంటే రాయి ఆరదు, అక్షరం కనబడదు, గడ్డిలో అడుగు పెట్టడానికే భయం.

కావలసినవి

- 200 పేజీల గీతల నోట్‌బుక్ ఒకటి. ఒక్కో సిస్టర్‌కు నాలుగు పేజీలు వదలండి.
- 2బి పెన్సిళ్లు. పాత ఫొటోల వెనక, పాత కాగితాల మీద బాల్‌పెన్ వాడకూడదు.
- మంచి కెమెరా, వాయిస్ రికార్డర్ ఉన్న ఫోన్.
- మెత్తటి బ్రష్, బకెట్ నీళ్లు, వెదురు పుల్లలు, చేతి అద్దం.
- ఫొటోలు పెట్టుకోవడానికి మామూలు కాగితం కవర్లు. ప్లాస్టిక్‌వి వద్దు.
- ఇద్దరు మనుషులు, ఒకరు అడగడానికి, ఒకరు రాసుకోవడానికి. నగరి, పుత్తూరు, కుప్పం వైపైతే ఇద్దరిలో ఒకరికి తమిళం వచ్చి ఉంటే సగం పని తేలికవుతుంది.
- మఠం పెద్ద అయిన సుపీరియర్ గారి అనుమతి, విచారణ గురువుల అనుమతి. రెండూ కాగితం మీద ఉండాలి.

1. ముందు రెండు జాబితాలు రాయండి

ఇక్కడ సమాధి అయినవారు ఒక జాబితా. ఇక్కడ పనిచేసి వేరేచోట చనిపోయినవారు రెండో జాబితా. సిస్టర్లకు బదిలీలుంటాయి. ఇరవై ఏళ్లు మన ఊళ్లో ఉన్నావిడ చివరికి ప్రాంతానికంతటికీ ప్రధాన మఠమైన ఏ ప్రొవిన్షియల్ హౌస్‌లోనో, వృద్ధ సిస్టర్ల నివాసంలోనో కన్నుమూసి ఉండవచ్చు. ఈ రెండూ కలిపేస్తే, పండుగనాడు లేని సమాధి కోసం వెతుక్కుంటారు.

జాబితా మఠంలోనే మొదలవుతుంది. చాలా మఠాల్లో చనిపోయిన సిస్టర్ల పేర్లు తేదీలవారీగా రాసి ఉంచి, ఆయా రోజుల్లో ప్రార్థనలో చదువుతారు. ఆ పట్టిక చూపించమని అడగండి. ఆ తర్వాత మఠం క్రానికల్, అంటే ఇంట్లో జరిగిన ముఖ్యమైన సంగతులు రాసే పుస్తకం. సిస్టర్ వ్యక్తిగత ఫైలు సాధారణంగా ప్రొవిన్షియల్ హౌస్‌లో ఉంటుంది. దాన్ని చేతికివ్వమని అడగకండి. అందులో జబ్బుల సంగతులు, ఉత్తరాలు ఉంటాయి. మీకు కావలసింది పుట్టిన తేదీ, మాటపట్టు (మఠంలో చేసే వ్రత ప్రమాణం) తేదీలు, పనిచేసిన ఊళ్లు, మరణ తేదీ మాత్రమే. ఈ ఐదారు గడులతో ఒక కాగితం తయారుచేసి పంపితే త్వరగా నింపి పంపుతారు. "వివరాలు పంపగలరు" అని రాసి ఊరుకుంటే జవాబు రాదు.

2. సమాధి రాయి చదవడం

మన వైపు పాత సమాధుల మీద కడప బండ ఎక్కువ. అది సున్నపురాయి జాతిది, యాసిడ్ తగిలితే పొంగి అక్షరాల అంచులు తినేస్తుంది. అందుకే బాత్రూం క్లీనర్, యాసిడ్, ఇనుప బ్రష్ మూడూ దగ్గరకు రానివ్వకండి. ముందు చీపురుతో మెల్లగా దుమ్ము తీయండి, తర్వాత నీళ్లు పోసి మెత్తటి బ్రష్‌తో కింద నుంచి పైకి రుద్దండి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాయి మీద చారలు కడతాయి. అక్షరాల్లో ఇరుక్కున్న మట్టిని వెదురు పుల్లతో తీయండి. ఇనుప మేకు, స్క్రూడ్రైవర్ వాడితే గీతలు పడి, 3 కాస్తా 8లా కనబడుతుంది.

ఏటా పండుగకు సున్నం కొట్టే అలవాటున్న తోటల్లో అక్షరాలు పూడిపోయి ఉంటాయి. సున్నాన్ని గీకకండి. తడిపి, పది నిమిషాలు ఆగి, బ్రష్‌తో పొర పొరగా తీయండి. ఒక్కరోజులో రాకపోతే ఇంకో రోజు వెళ్లండి.

చదవడానికి మిట్టమధ్యాహ్నం పనికిరాదు. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లండి. ఎండ పక్క నుంచి పడితే చెక్కిన గీతలో నీడ నిలబడి అక్షరం తేలుతుంది. రాయి నీడలో ఉంటే అద్దంతో వెలుతురును పక్కవాటంగా రాయి మీదకు మళ్లించండి. సుద్ద, ముగ్గుపిండి పూస్తే ఫొటోకు బాగానే ఉంటుంది కానీ చెరిగిన అంకెను మన కళ్లు ఊహించుకుని నింపేస్తాయి.

ఒక్కో సమాధికి మూడు ఫొటోలు తీయండి: మొత్తం సమాధి, రాత దగ్గరగా, పక్క సమాధులతో కలిపి. మూడోది ఎందుకంటే రాయి పగిలినా, తొలగించినా స్థలం గుర్తుపట్టడానికి. సమాధుల పక్కన రాళ్ల సందుల్లో చేయి పెట్టే ముందు కర్రతో తట్టి చూడండి. తేళ్లకు ఇష్టమైన చోటది.

పాత ఎనామెల్ పెయింట్‌తో నింపిన అంకెలను నమ్మకండి. పెయింటర్ తనకు కనబడినట్టు నింపి ఉంటాడు. వేలితో తడిమి చూడండి, చెక్కిన గాడి ఎటు తిరిగిందో వేలికి తెలుస్తుంది.

3. రిజిస్టర్లు

ఖననం జరిగాక విచారణ మృతుల రిజిస్టర్‌లో రాయాలని శ్రీసభ (కథోలిక సంఘం) చట్టమే చెబుతుంది. కాబట్టి సమాధి మన ఊళ్లో ఉంటే నమోదు కూడా ఇక్కడే ఉండాలి. పాత రిజిస్టర్లలో లాటిన్ మాటలు తగులుతాయి. "నాతా" అంటే పుట్టింది, "ఓబియిత్" అంటే మరణించింది, "సెపుల్తా" అంటే సమాధి అయింది. చివరి రెండింటి పక్కన రెండు వేర్వేరు తేదీలుంటాయి. మీకు కావలసింది "ఓబియిత్" పక్కనున్నది.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. సిస్టర్ నిత్య మాటపట్టు (జీవితాంతానికి చేసే వ్రత ప్రమాణం) చేసినప్పుడు, ఆ సంగతి ఆమె జ్ఞానస్నానం పొందిన విచారణ రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన రాయాలి. సొంత ఊరు తెలిస్తే అక్కడి విచారణ గురువులకు రాయండి. పుట్టుక, తల్లిదండ్రులు, జ్ఞానస్నానం, మాటపట్టు అన్నీ ఒకే వరుసలో దొరకవచ్చు.

ఊరు, జిల్లా దగ్గర జాగ్రత్త. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాదే, ఇప్పుడు తమిళనాడులో ఉంది. తిరుపతి జిల్లా 2022లో వచ్చింది. 1950లో "చిత్తూరు జిల్లా" అని రాసిన ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో, ఏ రాష్ట్రంలో ఉందో చూసుకోండి. పుస్తకంలో అప్పటి పేరు రాసి, పక్కన "ఇప్పుడు ఫలానా జిల్లా" అని పెట్టండి. మేత్రాసనాల (ఒక్కో బిషప్ గారి పరిధిలోని ప్రాంతాల) సంగతీ అంతే. కడప మేత్రాసనం ఏర్పడింది 1976లో. అంతకు ముందు కాగితాల కోసం కడపలో వెతికి, లేవని వదిలేయకండి. ఆ ఏడాదికి మీ విచారణ ఏ మేత్రాసనం కింద ఉండేదో ఫాదర్ గారిని అడిగి అక్కడికి రాయండి.

4. పేరు ఒక్కటే అనుకోకండి

ఒక సిస్టర్‌కు మూడు నాలుగు పేర్లుంటాయి: జ్ఞానస్నానం పేరు, మఠంలో పెట్టిన పేరు, సర్కారు కాగితాల్లో పేరు, ఊరివాళ్లు పిలిచిన పేరు. గుంటూరులో ఆసుపత్రి నడిపి, 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ మఠంలో "సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్". ఈ సంగతి తెలియనివారు రెండు కాగితాలు చూసి ఇద్దరు మనుషులనుకుంటారు. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత చాలా సభల్లో (సిస్టర్ల సంఘాల్లో) సొంత పేరు ఉంచుకునే వీలు వచ్చింది. కొందరు పాత సిస్టర్లు మళ్లీ తమ జ్ఞానస్నానం పేరుకు మారారు కూడా. అంటే 1960లో ఒక పేరు, 1975లో ఇంకో పేరు, మనిషి ఒక్కరే.

కేరళ నుంచి వచ్చిన సిస్టర్ల ఇంటిపేర్లు ఇంగ్లిష్ అక్షరాలు చూసి తెలుగులో రాస్తే తొంభై పాళ్లు తప్పుతాయి. మలయాళం మాట్లాడే సిస్టర్ ఎవరితోనైనా పలికించి, విని రాయండి. మన తెలుగు పేర్లలోనూ త్రేసమ్మ, తెరెసా, తెరెజా అంటూ ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉంటుంది. అలాంటప్పుడు మఠం పట్టికలో ఉన్న రూపాన్ని శీర్షికలో పెట్టి, మిగతావి కింద "ఇతర పేర్లు" అని ఇవ్వండి. "మందుల సిస్టర్", "బోర్డింగ్ అమ్మగారు" లాంటి పిలుపులు తప్పకుండా రాయండి. ఊళ్లో సగం మందికి ఆమె ఆ పేరుతోనే తెలుసు.

పేరు చివర ఉండే సభ అక్షరాలు విడదీసి రాయండి. జె.ఎం.జె. అంటే జీసస్ మేరీ జోసఫ్ సభ, ఎఫ్.సి.సి. అంటే ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభ. ఒకటి రెండు అక్షరాలు తారుమారైతే మనిషి ఇంకో సభలోకి వెళ్లిపోతుంది.

ఇంకో పెద్ద పొరపాటు. ఆసుపత్రి కాగితంలో "సిస్టర్" అని కనబడగానే కన్యస్త్రీ అనుకోవడం. నర్సులనూ సిస్టర్ అనే పిలుస్తారు కదా. పైగా మన ప్రాంతంలో ప్రొటెస్టెంట్ మిషన్ల ఆసుపత్రులు చాలా కాలం నుంచి ఉన్నాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో అలా మొదలైనదే. మఠం పట్టికలో పేరు దొరికితేనే మీ జాబితాలో చేర్చండి.

5. తేదీలు సరిచూడటం

నాలుగు తేదీలు కావాలి: పుట్టుక, మొదటి మాటపట్టు, నిత్య మాటపట్టు, మరణం. దొరికాక ఈ పరీక్షలు పెట్టండి.

వయసు లెక్క: సంవత్సరంలోంచి సంవత్సరం తీసేస్తే సరిపోదు. పునీత (సెయింట్) అల్ఫోన్సా 1910 ఆగస్టు 19న పుట్టి, 1946 జులై 28న చనిపోయారు. తీసివేస్తే 36 వస్తుంది, కానీ పుట్టినరోజు ఇంకా రాలేదు గనుక నిండినవి 35 ఏళ్లే. సమాధి రాళ్ల మీద "36వ ఏట" అని ఉంటే తప్పు కాదు, "36 ఏళ్లు" అని ఉంటే తప్పు.

పుట్టుకా, జ్ఞానస్నానమా: పాత కాగితాల్లో ఈ రెండూ కలిసిపోతాయి. మదర్ తెరెసా పుట్టింది 1910 ఆగస్టు 26న, జ్ఞానస్నానం మర్నాడు 27న. ఆమే 27ను తన పుట్టినరోజుగా చెప్పుకునేవారు. రెండు కాగితాల్లో ఒకటి రెండు రోజుల తేడా ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మాటపట్టు: నిత్య మాటపట్టుకు 21 ఏళ్లు నిండాలన్న నియమం 1917 నాటి చట్టంలోనూ ఉంది, 1983 నాటి చట్టంలోనూ ఉంది. మొదటి మాటపట్టుకూ దీనికీ మధ్య మామూలుగా మూడేళ్లు తగ్గవు. మీ లెక్కలో 19 ఏళ్లకే నిత్య మాటపట్టు వస్తే పుట్టిన సంవత్సరమో, మాటపట్టు సంవత్సరమో తప్పు. చాలాసార్లు మొదటి మాటపట్టు తేదీనే నిత్య మాటపట్టు గడిలో రాసి ఉంటారు.

జూబిలీ: సిల్వర్, గోల్డెన్ జూబిలీ ఆహ్వాన పత్రిక దొరికితే బంగారమే. ఎక్కువ సభలు మొదటి మాటపట్టు నుంచి లెక్కపెడతాయి. 1998లో గోల్డెన్ జూబిలీ అంటే మొదటి మాటపట్టు 1948. మఠంలో చేరిన రోజు నుంచి లెక్కపెట్టే వారూ ఉన్నారు కాబట్టి ఆ సభ పద్ధతి ఒకమాట అడగండి.

తేదీ, నెల: 5.9, 9.5 గొడవ ఎప్పుడూ ఉండేదే. నెలను ఎప్పుడూ అక్షరాల్లో రాయండి. అనుమానం వస్తే ఫోన్ క్యాలెండర్‌లో ఆ తేదీ ఏ వారమో చూడండి. క్రానికల్‌లో "శుక్రవారం" అని ఉంటే ఏ తేదీ సరైనదో తేలిపోతుంది.

రెండు కాగితాలు ఒప్పుకోకపోతే మధ్యస్థం చేసి మూడో తేదీ సృష్టించకండి. ఎక్కువ నమ్మదగినది రాసి, "సమాధి రాయి మీద ఫలానా తేదీ ఉంది" అని ఒక్క ముక్క కింద పెట్టండి.

6. మనుషులను అడగడం

పుస్తకానికి ప్రాణం ఇక్కడే. ఎవరిని అడగాలి? మొదట పాత బోర్డింగ్ పిల్లలు, వంటమనిషి, వాచ్‌మన్, డిస్పెన్సరీలో చేతికింద పనిచేసిన ఆయా, ఉపదేశి గారు (మతబోధ నేర్పేవారు). ఊరి పెద్దమనుషులు చివర. పెద్దమనుషుల దగ్గర ఉపన్యాసాలు దొరుకుతాయి, ఆయా దగ్గర సంగతులు దొరుకుతాయి.

"సిస్టర్ గారు ఎలాంటివారమ్మా?" అని మాత్రం అడగకండి. "దేవతండీ" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఇలా అడగండి:

- పొద్దున తలుపు ఎన్నింటికి తీసేవారు? మొదట ఏం చేసేవారు?
- ఏ ఊళ్లకు వెళ్లేవారు? నడిచా, బస్సులోనా, జీపులోనా?
- దేనికి కోప్పడేవారు?
- తెలుగు బాగా వచ్చా? ఏ మాట తప్పు పలికేవారు?
- చేతిపని ఏమైనా నేర్పారా? మీకు ఇప్పటికీ వచ్చా?
- ఆమె చివరిసారి మీతో ఏం మాట్లాడారు?

"దేనికి కోప్పడేవారు" అన్న ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడగండి. అడిగితే నవ్వుతారు, నవ్వాక అసలు జ్ఞాపకాలు బయటికొస్తాయి.

రికార్డు చేసే ముందు అడిగి చేయండి. ఒక్కొక్కరితో నలభై నిమిషాలు చాలు. ఇంటికొచ్చిన రాత్రే రాసేయండి, వారం ఆగితే గొంతులు కలిసిపోతాయి. ముఖ్యమైన సంగతి ఏదైనా ఇద్దరు విడివిడిగా చెబితే వాస్తవంగా రాయండి. ఒక్కరే చెబితే "పాత విద్యార్థిని ఒకరు చెప్పినదాని ప్రకారం" అని రాయండి.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. కుష్ఠు, హెచ్‌ఐవి వంటి జబ్బులకు మందు తీసుకున్నవారి పేర్లు, ఊళ్లు, ఫొటోలు వద్దు. చదువుకు సాయం పొందిన పిల్లల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే తప్ప వద్దు. సిస్టర్ ఆఖరి జబ్బు వివరాలు కుటుంబమూ మఠమూ సరేనన్నంత వరకే.

"ఆమె ప్రార్థన చేస్తే తగ్గిపోయింది" అని ఎవరైనా చెబితే నోట్‌బుక్‌లో రాసుకోండి, పుస్తకంలో అద్భుతమని ప్రకటించకండి. పునీత, ధన్య, దైవసేవకురాలు అన్నవి శ్రీసభ ఇచ్చే హోదాలు, గౌరవం కోసం వాడే మాటలు కావు. పైన చెప్పిన మేరీ గ్లౌరీ 1957లో చనిపోతే ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది 2013లో. మన పుస్తకంలో "సిస్టర్" చాలు.

7. ఫొటోలు

పాత జిగురు ఆల్బమ్‌లోంచి ఫొటోను పీకకండి, మొహం దగ్గరే చిరుగుతుంది. ఆల్బమ్‌లో ఉండగానే కిటికీ పక్కన పెట్టి, ప్లాస్టిక్ పొర ఎత్తి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌ను సమాంతరంగా పట్టుకుని తీయండి. విడి ఫొటోలైతే స్కాన్ చేయించండి. పాస్‌పోర్ట్ సైజుకు 600 డీపీఐ, పోస్ట్‌కార్డు సైజుకు 300 చాలు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, "డాక్యుమెంట్"గా పంపమనండి. లామినేషన్ చేయించకండి, చేశాక వెనక్కి రాదు.

గ్రూప్ ఫొటోలో ఎవరు ఎవరో ఇద్దరు పెద్ద సిస్టర్లకు విడివిడిగా చూపించి అడగండి. ఒకేసారి కూర్చోబెడితే మొదట మాట్లాడినావిడ చెప్పిందే రెండో ఆవిడా ఒప్పుకుంటుంది.

8. పేజీ రాయడం

ఏ5 సైజులో ఫొటోతో కలిపి 170 నుంచి 190 మాటలు పడతాయి. పైన పేరు, సభ, నాలుగు తేదీలు. తర్వాత పనిచేసిన ఊళ్లు వరుసగా. ఆ తర్వాత రెండు పేరాలు.

ఇలా రాయకండి: "నిరుపేదల పాలిట ఆశాజ్యోతియై తన జీవితాన్ని సేవకే అంకితం చేశారు."

ఇలా రాయండి (ఇది తీరు చూపడానికే): "ఆరున్నరకల్లా డిస్పెన్సరీ తలుపు తీసేవారు. దూరం నుంచి నడిచి వచ్చినవాళ్లను ముందు పిలిచి, ఊళ్లోవాళ్లను ఆగమనేవారు. సూది వేసే ముందు పిల్లల చేతిలో బెల్లం ముక్క పెట్టేవారు."

పరీక్ష సులువు. పేరు చేత్తో మూసి, ఆమెతో పనిచేసిన ఎవరికైనా పేజీ చదివి వినిపించండి. ఎవరో పోల్చుకోగలిగితే పేజీ కుదిరింది. లేకపోతే ఆరో మెట్టుకు మళ్లీ వెళ్లాలి.

సంగతులు దొరకని సిస్టర్లు ఉంటారు. యాభై ఏళ్ల కిందట చిన్న వయసులో పోయినవారు. వారికి పేరు, తేదీలు, సమాధి ఫొటో చాలు. ఖాళీ నింపడానికి పొగడ్తలు పోయకండి.

9. డీటీపీ, అచ్చు

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి. 22 మంది సిస్టర్లుంటే, ముందు మాటకూ విషయసూచికకూ ప్రార్థనకూ ఆరు పేజీలు కలిపి 28 చేయండి.

మన దగ్గర చాలా షాపుల్లో ఇంకా అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు). మీరు ఫోన్‌లో టైపు చేసిచ్చిన యూనికోడ్ పాఠాన్ని వాళ్లు మారుస్తారు. మార్చేటప్పుడు "సిస్టర్‌కు" కాస్తా "సిస్టర్కు" అవుతుంది, వత్తులు తారుమారవుతాయి, అంకెలు ఒక్కోసారి ఎగిరిపోతాయి. కాబట్టి మీరు ఇచ్చినదాన్ని ఇంట్లో ఎన్నిసార్లు దిద్దినా, మార్చిన తర్వాత వచ్చిన ప్రూఫే అసలు ప్రూఫ్. ఇద్దరు కూర్చోండి. ఒకరు నోట్‌బుక్ చూసి తేదీలు పైకి చదవాలి, రెండోవారు ప్రూఫ్‌లో వేలు పెట్టి చూడాలి. ఫొటో కింద పేరు సరైనదేనా అన్నది విడిగా ఇంకోసారి చూడండి. అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టే తప్పు అదే.

10. పండుగనాడు, ఆ తర్వాత

సమాధుల దగ్గర చదవడానికి పేర్ల పట్టిక ఒకటి పెద్ద అక్షరాలతో, సమాధుల వరుస ప్రకారం వేరుగా తీయించండి. పుస్తకంలోని అకారాది క్రమంలో చదివితే ఫాదర్ గారు తీర్థం జల్లుతూ ఒక చివర, చదివేవారు ఇంకో చివర ఉంటారు. నవంబర్ 1 నుంచి 8 దాకా సమాధుల తోటకు వెళ్లి మృతుల కోసం ప్రార్థిస్తే ఆత్మలకు దండవిమోచన (పాపాలకు పడే శిక్ష నుంచి విడుదల) ఫలం ఉందని శ్రీసభ చెబుతుంది కాబట్టి, రెండో తేదీ రాలేనివాళ్లకు ఆ వారమంతా పట్టిక అందుబాటులో ఉంచండి.

ఏడాది పొడవునా చదవడానికి మరణ తేదీల క్యాలెండర్ తయారుచేసి మఠంలో, గుడి ఆఫీసులో అతికించండి. ఫిబ్రవరి 29న పోయినవారుంటే 28వ తేదీ గడిలో కూడా పేరు రాయండి, లేకపోతే నాలుగేళ్లకోసారే గుర్తొస్తారు. వర్ధంతి పూజ ఆదివారమో, పెద్ద పండుగో, పవిత్ర వారమో అయితే ఏ రోజుకు జరపాలో ముందే ఫాదర్ గారిని అడిగి క్యాలెండర్‌లో పెన్సిల్‌తో రాసుకోండి.

పుస్తకం బయటికి వచ్చిన వారానికే తప్పులు తెలుస్తాయి. "మా అత్తమ్మ పేరు అది కాదండీ" అంటూ ఎవరో ఒకరు వస్తారు. ఒక కాపీ మీద "దిద్దుబాటు ప్రతి" అని రాసి, వచ్చిన ప్రతి సవరణనూ తేదీతో, చెప్పినవారి పేరుతో అందులో ఎక్కించండి. నోట్‌బుక్, రికార్డింగులు, స్కాన్లు ఒక పెన్‌డ్రైవ్‌లో మఠంలో, ఇంకోటి విచారణ ఆఫీసులో, మూడోది ప్రొవిన్షియల్ హౌస్‌లో ఉంచండి. దిద్దుబాటు ప్రతిని మాత్రం మఠం బీరువా దాటనివ్వకండి. అరువు తీసుకెళ్లిన పుస్తకాలు తిరిగొచ్చిన రోజు మీ విచారణలోనూ ఉండి ఉండదు.